పోయింది ఎవరో తెలియని యుద్ధం: ‘బ్యాటిల్ రాయల్ 2’ ఎందుకు నిరాశపరిచింది?

బీచ్ సీన్ అది. పడవలు ఒడ్డువైపు దూసుకొస్తున్నాయి. సైనికుల బట్టలేసుకున్న స్కూలు పిల్లలు నీళ్లలోకి దూకుతున్నారు. ఎదురుగా ఉన్న దీవి మీంచి తూటాల వాన. ఎవరో పడిపోయారు, తెరమీద ఒక పేరూ నంబరూ వచ్చాయి. పక్కన కూర్చున్న నా స్నేహితుడు అడిగాడు, “ఇప్పుడు పోయింది ఎవర్రా?” నాకు తెలియలేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. అప్పుడూ తెలియలేదు.

అంతకు ముందురోజు రాత్రి మేమిద్దరం కలిసే మొదటి భాగం చూశాం. అందులోనూ పిల్లలు చనిపోతారు, అందులోనూ పేరూ నంబరూ పడతాయి. కానీ ఒక్కసారి కూడా ఆ ప్రశ్న రాలేదు. పైగా ఒక చోట నా స్నేహితుడు సినిమా ఆపి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. రెండో రాత్రి అలా లేవాల్సిన అవసరమే పడలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

‘బ్యాటిల్ రాయల్ 2: రెక్వియం’ 2003 జూలైలో జపాన్‌లో విడుదలైంది. మొదటి భాగాన్ని ప్రాణంగా ప్రేమించిన వాళ్లలో చాలామందిని అది నిరాశపరిచింది. కారణం అడిగితే ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. హింస మరీ ఎక్కువైందని కొందరంటారు. దర్శకుడు మధ్యలో చనిపోయాడు కాబట్టి అలా తయారైందని ఇంకొందరంటారు. మొదటి జవాబు తప్పని నా అభిప్రాయం. రెండోది నిజమే కానీ సగమే నిజం. మిగతా సగం కథలోని ఆట నియమాల్లో ఉంది.

ముందు మొదటి సినిమా గురించి చెప్పాలి. కోషున్ టకామి రాసిన నవల 1999లో వచ్చింది. అంతకుముందు అది ఒక హారర్ నవలల పోటీలో చివరి రౌండ్ దాకా వెళ్లి, న్యాయనిర్ణేతలకు మింగుడుపడక బయటికొచ్చేసింది. దాన్ని కిన్‌జీ ఫుకసాకు సినిమాగా తీశారు. 2000 డిసెంబర్‌లో విడుదలయ్యేటప్పటికి ఆయన వయసు 70. స్క్రిప్టు రాసింది ఆయన కొడుకు కెంటా.

కథ ఎంత సూటిగా ఉంటుందంటే, ఒక్కసారి వింటే మర్చిపోలేం. దేశ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. నిరుద్యోగం 15 శాతం. 8 లక్షల మంది విద్యార్థులు బడి ఎగ్గొట్టారు. పిల్లలంటే పెద్దవాళ్లకు భయం పట్టుకుంది. ఆ భయంలోంచి ఒక చట్టం పుట్టింది: ఏటా ఒక తొమ్మిదో తరగతిని ఎంపిక చేసి దీవిలో వదిలేస్తారు. 42 మంది పిల్లలు, మూడు రోజులు. చివరికి ఒక్కరే మిగలాలి. ఒకరికంటే ఎక్కువమంది మిగిలితే మెడకున్న లోహపు పట్టీలు పేలి అందరూ పోతారు. చేతికొక సంచి ఇస్తారు. ఒకడికి తుపాకి వస్తుంది, ఒకడికి గొడ్డలి వస్తుంది, హీరో నానహరాకి గిన్నె మూత వస్తుంది.

అప్పటి జపాన్‌లో ఇది గాలిలోంచి ఊడిపడ్డ ఊహ కాదు. 1997లో కోబే నగరంలో ఒక 14 ఏళ్ల కుర్రాడు చేసిన హత్యలు దేశాన్ని వణికించాయి. తరగతి గదుల్లో టీచర్ల మాట చెల్లడం లేదని పేపర్లలో రోజూ చర్చ. ఈ సినిమా రావడానికి మూడు వారాలు కూడా లేని సమయంలో, 2000 నవంబర్ చివర్లో, బాలనేరస్థుల చట్టాన్ని సవరించి శిక్ష వేయదగిన వయసును 16 నుంచి 14కి తగ్గించారు. పిల్లలంటే పెద్దవాళ్లకున్న భయం నిజంగానే చట్టంగా మారుతున్న రోజులవి. ఈ సినిమాని ఆపాలని పార్లమెంటులో గొడవ జరిగింది. చివరికి 15 ఏళ్లలోపు వాళ్లు చూడకూడదన్న రేటింగ్‌తో విడుదలైంది. ఎవరి గురించి తీశారో ఆ ఈడు పిల్లల్లో చాలామంది చూడ్డానికి వీల్లేకుండా పోయింది. ఫుకసాకుకి ఇది బాధ కలిగించింది. ఆయన తీసింది వాళ్ల కోసమే.

ఇంతకీ ఆ సినిమాలో పనిచేసిన కీలకం ఏమిటి? నా స్నేహితుడిని మంచినీళ్ల కోసం లేపిన సీన్ చూద్దాం.

ఒక లైట్‌హౌస్. ఆరుగురు ఆడపిల్లలు అందులో తలదాచుకున్నారు. గాయపడ్డ నానహరాని తీసుకొచ్చి ఒక గదిలో పడుకోబెట్టారు. కట్లు కట్టారు. కింద వంట చేస్తున్నారు. కాసేపు అది ఒక పిక్నిక్‌లా ఉంటుంది. ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటుంటారు. వాళ్లలో ఒక అమ్మాయికి మాత్రం నానహరా అంటే వణుకు. అంతకుముందు అతని చేతుల మీదుగా ఒకడు చనిపోవడం ఆమె చూసింది. అది ప్రమాదవశాత్తు జరిగిందని ఆమెకు తెలియదు. సంచిలో ఆమెకు వచ్చిన ఆయుధం విషం. అది అతని ప్లేటులో కలుపుతుంది. ఇంకో అమ్మాయి సరదాగా ఆ ప్లేటులోంచి తీసుకుని నోట్లో పెట్టుకుంటుంది. రక్తం కక్కుకుని పడిపోతుంది. అక్కడితో మొదలు. ఎవరు కలిపారు? నువ్వా? నువ్వా? ఒకరి చేతిలోకి తుపాకి వస్తుంది. నిమిషం తిరక్కుండా అందరూ నేలమీద ఉంటారు. విషం కలిపిన పిల్ల ఒక్కతే మిగులుతుంది. ఆమె మీద ఎవరూ అనుమానమే పడలేదు. నానహరా ముందు తప్పు ఒప్పుకుని లైట్‌హౌస్ పైనుంచి దూకేస్తుంది.

ఇక్కడ చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అయిదు నిమిషాల క్రితం కూర తరుక్కుంటున్న పిల్లలు. వాళ్లను చంపింది తుపాకి కాదు, అనుమానం. ఆ అనుమానాన్ని పుట్టించింది ‘చివరికి ఒక్కరే’ అన్న నియమం. ఆ ఒక్క నియమం ప్రతి స్నేహాన్నీ, ప్రతి ప్రేమనూ, ఎప్పటిదో ఒక చిన్న పగనూ బయటికి లాగుతుంది. కొట్లాట ఆపమని కొండెక్కి మైకులో అరిచిన ఇద్దరమ్మాయిలను ఒకడు కాల్చి, వాళ్ల మూలుగులు దీవంతా వినబడేలా అదే మైకు వాళ్ల నోటి దగ్గర పెడతాడు. తాను ప్రేమించిన అమ్మాయిని దీవంతా వెతికిన కుర్రాడు, తీరా కనబడితే, ఆమె భయంతో పేల్చిన తూటాకే పడిపోతాడు. పడిపోతూ, శబ్దం విని ఎవరైనా వస్తారు, పారిపో అంటాడు. నిన్ను ప్రేమించానని చెబుతాడు.

42 మందికీ పూర్తి కథ చెప్పడానికి రెండు గంటలు చాలవు. అయినా మనకు తెలిసినట్టే ఉంటారు. కారణం, ప్రతి చావులోనూ ఇద్దరు మనుషులుంటారు. చంపినవాడు, చచ్చినవాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ప్రతిసారీ ఒకరు ఏదో ఎంచుకుంటారు: నమ్మాలా, కాల్చాలా, పారిపోవాలా, దూకేయాలా. తెరమీద పడే పేరు ఆ ఎంపికకు ముగింపు. అందుకే ఆ అక్షరాలు గుండెకు తగులుతాయి.

ఇప్పుడు రెండో భాగం దగ్గరికి వద్దాం.

మొదటి ఆటలోంచి బతికి బయటపడ్డ నానహరా ఇప్పుడు ‘వైల్డ్ సెవెన్’ అనే సాయుధ దళానికి నాయకుడు. పెద్దవాళ్లందరి మీదా యుద్ధం ప్రకటించాడు. క్రిస్మస్ రోజున టోక్యోలో జంట భవనాలు కూలిపోవడంతో సినిమా మొదలవుతుంది. ప్రభుత్వం కొత్త చట్టం తెస్తుంది. ఈసారి ఎత్తుకొచ్చిన పిల్లలు ఒకరినొకరు చంపుకోనక్కర్లేదు. 72 గంటల్లో దీవి మీదికి దాడి చేసి నానహరాని చంపాలి. మెడపట్టీలకు కూడా కొత్త నియమం పెట్టారు. పిల్లలను జంటలుగా కట్టారు. జంటలో ఒకరు పోతే రెండోవారి పట్టీ కూడా పేలుతుంది.

కాగితం మీద ఇది మొదటి నియమం కంటే క్రూరంగా కనబడుతుంది. తరగతి గదిలో ఒక కుర్రాడు నేను వెళ్లనంటాడు. వాణ్ణి చంపేస్తారు. ఆ వెంటనే వాడి జంట అమ్మాయి పట్టీ మోగడం మొదలవుతుంది. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ సీన్ బాగానే భయపెడుతుంది. కానీ ఒక్కసారే. ఆ తర్వాత నుంచి ఈ నియమం కథకు సాయం చేయకపోగా దాన్ని తినేస్తుంది.

ఎలాగంటే, మొదటి సినిమాలో ఒక పిల్ల చనిపోయిందంటే ఎవరో ఏదో నిర్ణయించుకున్నారన్నమాట. రెండో సినిమాలో సగం చావులు లెక్క ప్రకారం జరిగిపోతాయి. జంటలో ఒకరికి తూటా తగిలింది, ఇంకొకరిది పేలింది. పోయిన రెండోవాళ్లు చేసినదేమీ లేదు, చేయగలిగిందీ లేదు. పైగా తూటా పేల్చినవాడు ఎక్కడో గోడ వెనకాల ఉన్న ముక్కూమొహం తెలియనివాడు. చంపినవాడికి చచ్చినవాడు తెలియదు, చచ్చినవాడికి చంపినవాడు తెలియదు, చూస్తున్న మనకు ఇద్దరూ తెలియరు. నా స్నేహితుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఒడ్డు మీద పడిపోయినవాళ్లెవరో మాకు తెలియకపోవడం మా పరాకు వల్ల కాదు. ఆ పిల్లలకు ఒకరితో ఒకరికి ఏమిటన్నది చూపించే పని సినిమా పెట్టుకోలేదు.

అంటే మొదటిది తరగతి గది కథ. రెండోది యుద్ధం సినిమా. యుద్ధం సినిమా తీయడం తప్పు కాదు. కానీ తరగతి గది కథకు ఉన్న సామాన్లన్నీ, అంటే మెడపట్టీలు, నంబర్లు, లెక్కలు చెప్పే అనౌన్సుమెంట్లు, అలాగే ఉంచేసి, వాటిని నడిపించే అనుమానాన్ని మాత్రం తీసేశారు. మొదటిదానికంటే దాదాపు 20 నిమిషాలు ఎక్కువ నిడివి ఉంది, తూటాలు లెక్కలేనన్ని పేలతాయి. నాకు మాత్రం హింస తగ్గినట్టే అనిపించింది. ఒక లైట్‌హౌస్ గదిలో పేలిన కాసిని తూటాల బరువు ఆ బీచ్ మొత్తానికి లేదు.

ఇక దర్శకుడి విషయం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా సినిమా పూర్తిచేసిన కొడుకు కెంటాకి అన్యాయం జరగకూడదు.

కిన్‌జీ ఫుకసాకు 1930లో మితో పట్టణంలో పుట్టారు. 1945 నాటికి ఆయన వయసు 15. స్కూలు పిల్లలను ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనికి పెట్టిన రోజులు. ఆ జూలైలో ఆయన పనిచేస్తున్న ఫ్యాక్టరీ మీద ఫిరంగి దాడి జరిగింది. తప్పించుకునే దారి లేక పిల్లలు ఒకరి కింద ఒకరు దూరి ప్రాణం కాపాడుకున్నారు. పక్కవాడి ఒళ్లే డాలు. బతికినవాళ్లకు ఆ తర్వాత అప్పగించిన పని, పోయిన స్నేహితుల ఒంటి ముక్కలు ఏరడం. యుద్ధం గురించి పెద్దవాళ్లు చెప్పిందంతా అబద్ధమని ఆ రోజే తెలిసిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. టకామి నవల చదివినప్పుడు ఆయనకు గుర్తొచ్చింది ఈ తరగతే.

పక్కవాడు తనకు స్నేహితుడు, అదే క్షణంలో డాలు కూడా. మొదటి సినిమా నియమం అచ్చంగా ఇదే కదా. ఆయన దాన్ని కనిపెట్టలేదు, 55 ఏళ్లు మోశారు. అందుకే లైట్‌హౌస్ సీన్‌లో ఎవరి మీదా తీర్పు ఉండదు. ఆ భయంలో తాను ఏం చేశాడో తెలిసిన మనిషి తీసిన సీన్ అది.

సీక్వెల్ తీయడం ఆయనకు తెలియక కాదు. ‘బ్యాటిల్స్ వితవుట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ’ పేరుతో యాకుజా (జపాన్ మాఫియా) ముఠాల మీద 1973, 74 సంవత్సరాల్లో ఏడాదిన్నరలో అయిదు సినిమాలు తీశారు. యుద్ధం తర్వాతి కురే రేవుపట్టణం, హిరోషిమా, నల్లబజారు, ముఠాల చీలికలు, ద్రోహాలు. అయిదు భాగాలైనా పట్టు సడలదు. కారణం, అది ఒక యాకుజా జ్ఞాపకాల ఆధారంగా తీసిన నిజమైన చరిత్ర. చరిత్ర ఆగదు కాబట్టి కథ కూడా ఆగనక్కర్లేదు. ‘బ్యాటిల్ రాయల్’ అలాంటిది కాదు. అది ఒక నియమం మీద నిలబడ్డ కథ. ఆట అయిపోతే నియమం అయిపోతుంది. మళ్లీ అదే ఆట ఆడిస్తే పునరుక్తి, నియమం మారిస్తే వేరే సినిమా. ఈ చిక్కు ఎవరికైనా చిక్కే. తండ్రి పూర్తి ఆరోగ్యంతో ఉండి తీసినా అది ఎదురయ్యేదే. అందుకే ఆయన మరణం సగం జవాబే అన్నాను.

2002 సెప్టెంబర్‌లో తనకు క్యాన్సర్ ముదిరిందని ఫుకసాకు బహిరంగంగా చెప్పారు. అయినా ఈ సినిమా తీస్తానన్నారు. డిసెంబర్‌లో షూటింగ్ మొదలైంది. మొదటి భాగంలో టీచర్‌గా వేసిన తకేషీ కిటానో ఉన్న ఒక్క సీన్ మాత్రమే తీయగలిగారు. 2003 జనవరి 12న కన్నుమూశారు. అప్పటిదాకా ఒక్క సినిమాకూ దర్శకత్వం వహించని కెంటా, 30 ఏళ్ల వయసులో, తండ్రి పోయిన దుఃఖంలోనే మిగతా సినిమా పూర్తిచేశారు. జూలై 5కి థియేటర్లలో ఉంది. ఆరు నెలలు కూడా తిరగలేదు. ఫుకసాకు కూడా ఒకప్పుడు ఇలాంటి బరువు ఎత్తుకున్నవాడే. పెర్ల్ హార్బర్ దాడి మీద తీసిన ‘టోరా! టోరా! టోరా!’ నుంచి దర్శకుడు కురొసావాని మధ్యలో తప్పిస్తే, అందులో జపాన్ భాగాన్ని తోషియో మసుదాతో కలిసి పూర్తిచేశారు. కానీ అప్పటికి ఆయనకు చేయి తిరిగింది.

కెంటా కోపం దొంగ కోపం కాదు, అది ఒప్పుకోవాలి. ఆ ఏడాది మార్చిలో ఇరాక్ మీద దాడి మొదలైంది. సినిమా వచ్చిన మూడు వారాలకు, జూలై 26న, ఇరాక్‌కు జపాన్ బలగాలను పంపేందుకు వీలు కల్పించే చట్టాన్ని టోక్యో పార్లమెంటు ఆమోదించింది. పిల్లలను ఎవరి యుద్ధానికో పంపుతున్నారన్న మాట ఆ వారాల్లో జపాన్ వీధుల్లో నిజంగా వినిపించిన మాట. రెండో భాగంలో టీచర్, బ్లాక్‌బోర్డు మీద వరసగా దేశాల పేర్లు రాస్తాడు. జపాన్, చైనా, వియత్నాం, ఇరాక్, అఫ్ఘనిస్తాన్... గత 60 ఏళ్లలో ‘ఆ దేశం’ బాంబులు వేసిన దేశాలంటాడు. ఆ దేశం పేరు ఎక్కడా చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. 2003లో ఒక పెద్ద కమర్షియల్ సినిమాలో ఈ జాబితా పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి నాకు గౌరవం ఉంది.

కానీ కోపం ఒకటి, దాన్ని కథలో నాటడం ఇంకొకటి. తండ్రి కోపం లైట్‌హౌస్‌లో ఆరుగురు పిల్లల మధ్య ఉంది, ఒక్క ఉపన్యాసం లేకుండా. కొడుకు కోపం నోటితో చెప్పే మాటల్లో ఉంది. నానహరా కెమెరా ముందు కూర్చుని ప్రపంచానికి ప్రకటన చదువుతాడు. దీవిలోనూ ప్రసంగాలే. చివరికి కథ అఫ్ఘనిస్తాన్ కొండల దాకా వెళ్తుంది. మొదటి భాగంలో గిన్నె మూత పట్టుకుని నిలబడ్డ కుర్రాడు గుర్తున్నాడా? ఏం చేయాలో తెలియక, ఎవర్నీ చంపబుద్ధి కాక బిక్కచచ్చిపోయినవాడు. జంట భవనాలు కూల్చినవాడు వాడేనంటే నమ్మాలంటే, మధ్యలో ఏం జరిగిందో చూడాలి. అసలు సినిమా ఆ మధ్యలో ఉంది. దాన్ని తీయలేదు. నటుడు తత్సుయా ఫుజివారా కళ్లు, జుట్టు, గొంతు అన్నీ మార్చుకుని వచ్చాడు, పాపం కష్టపడ్డాడు. మనిషి లోపల ఏం మారిందో చూపించే సీన్ ఒక్కటి కూడా అతనికి దక్కలేదు.

టీచర్ల తేడా కూడా చెప్పాలి. మొదటి భాగంలో కిటానో. నీరసంగా నడుస్తాడు, ట్రాక్‌సూట్ వేసుకుంటాడు, బిస్కెట్లు తింటాడు. ఒకప్పుడు తనను పొడిచిన విద్యార్థిని గుర్తుపెట్టుకుంటాడు. కూతురు తనను అసహ్యించుకుంటుందని తెలుసు. ఇంటికి వెళ్లబుద్ధి కాని, బడిలో గౌరవం లేని, అలసిపోయిన మధ్యవయసు మాస్టారు. రాక్షసుడి కంటే అతనే ఎక్కువ భయపెడతాడు, ఎందుకంటే అలాంటివాళ్లు మనకు తెలుసు. రెండో భాగంలో రికీ తకేవుచి కళ్లు ఉరిమి, అరిచి, బల్లలు తన్ని పాఠం చెబుతాడు. చివర్లో రగ్బీ బట్టలేసుకుని వస్తాడు. ఆ నటుడి ఉత్సాహం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అరిచే మనిషి మీద భయం పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మాత్రం వేరే. రెండో భాగం చేతిలో ఒక బంగారం లాంటి పాత్ర ఉంది.

మొదటి సినిమా చివర్లో కిటానోని నానహరా కాల్చేస్తాడు. అతను తమ మీదికి గురిపెట్టింది నీళ్ల తుపాకి అని తర్వాత తెలుస్తుంది. పడిపోయిన మనిషి ఫోన్ మోగగానే లేచి కూర్చుంటాడు. చేసింది కూతురు. రెండు మాటలు మాట్లాడి ఫోన్‌ని కాల్చేసి, ఒక బిస్కెట్ తిని, అప్పుడు చచ్చిపోతాడు. అవతలి గొంతు ఆ కూతురు షియోరీది. ఆ గొంతు ఇచ్చింది ఆయ్ మాయెదా, హీరోయిన్ నోరికోగా వేసిన ఆకీ మాయెదాకి సొంత అక్క. రెండో భాగంలో ఆ షియోరీ మనిషిగా తెరమీదికి వస్తుంది. తండ్రిని చంపినవాణ్ణి చూడాలని తనంతట తానే ఆ తరగతిలో చేరుతుంది. ఆ పిల్లలందరిలో ఎత్తుకురాకుండా వచ్చినది, ఎంచుకుని వచ్చినది ఆమె ఒక్కతే. ఆమెకు నానహరాతో లెక్క ఉంది. చచ్చేదాకా సరిగ్గా మాట్లాడని తండ్రితో అంతకంటే పెద్ద లెక్క ఉంది. నేను అసహ్యించుకున్న మనిషి కోసం ఎందుకు పగ తీర్చుకోవాలనుకుంటున్నాను అన్న ప్రశ్న ఆమెది. మొదటి సినిమా అడిగిన ప్రశ్నలన్నీ ఆమె లోపల ఉన్నాయి. కెంటా ఆ ఏడాది జీవితంలో ఉన్న ప్రశ్న కూడా దానికి దూరంగా లేదు: పోయిన తండ్రి వదిలిపెట్టిన పనిని బిడ్డ ఏం చేయాలి?

ఆమె ఒక్కతే దీవికి వచ్చి ఉంటే, నానహరా ఎదురుగా రెండు గంటలు కూర్చుని ఉంటే, ఒక్క బాంబు పేలకపోయినా నేను కదలకుండా చూసేవాణ్ణి. సినిమా ఆమెను 40 మంది గుంపులో కలిపేసి, తుపాకి ఇచ్చి, పరిగెత్తించింది. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆగుతుంది. ఇంట్లో కిటానో, అతని కూతురు. అరుపుల్లేవు, లెక్కల్లేవు. మాట కలవని ఇద్దరు మనుషులు ఒకే గదిలో. ఆ కాసేపు నా స్నేహితుడు ఫోన్ కింద పెట్టాడు. కిన్‌జీ ఫుకసాకు బతికుండగా తీసిన సీన్ అదే.